నా ఇరవై మూడు సైటేషన్లు

ముందే చెప్పేస్తున్నాను. ఇది ఒక మూర్ఖుడి కథ, ఆ మూర్ఖుణ్ణి నేనే. ఇందులో నవ్వుకోవడానికి కావలసినంత ఉంది, మొహమాటపడకుండా నవ్వండి. నవ్వులపాలు కావడం నాకు అలవాటైపోయింది. నా తెలివితక్కువతనానికి మునిగింది నేనొక్కణ్ణే అయ్యుంటే ఈ కథ ఇంకా హుషారుగా చెప్పేవాణ్ణి. అలా జరగలేదు.

నేను వరంగల్‌లో ఒక యూనివర్సిటీలో జన్యుశాస్త్రం పాఠాలు చెబుతాను, పరిశోధన కూడా చేస్తాను. మా లోకంలో మనిషిని తూచే తక్కెడ ఒకటుంది. దాని పేరు సైటేషన్. మీరొక పరిశోధన వ్యాసం రాశారనుకోండి. ఎక్కడో ఎవరో తమ వ్యాసంలో మీ వ్యాసాన్ని పేర్కొన్నారంటే మీకొక సైటేషన్ పడినట్టు. మెచ్చుకుని పేర్కొన్నారా, తిట్టడానికి పేర్కొన్నారా అని తక్కెడ అడగదు. ఎన్ని పడ్డాయన్నదే ముఖ్యం. ఉద్యోగం దానితోనే, ప్రమోషన్ దానితోనే, సెమినార్లలో ముందు వరుస కుర్చీ దానితోనే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి రైతు రేటు కోసం ఎదురుచూసినట్టు నేను రోజూ పళ్లు తోముకోకముందే ఆ అంకె చూసుకునేవాణ్ణి. రైతు రేటు అప్పుడప్పుడైనా పెరుగుతుంది. నాది చాలాకాలం సున్నా దగ్గరే కూర్చుంది.

ఆ సున్నా ఎలా కదిలిందో చెప్పాలంటే ముందు మార్తమ్మ ఇంటికి వెళ్లాలి. మార్తమ్మది తొర్రూరు దగ్గర ఒక ఊరు. భర్త పోయాక పిల్లల్ని తీసుకుని ఎనుమాముల వచ్చి, మార్కెట్ యార్డు పక్కన మిరపకాయల తొడిమలు తీసే కూలికి కుదిరింది. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. పెద్దది రూతు, అప్పటికి ఇరవై రెండేళ్లు, పెళ్లయి ఏడాది. రెండోది ఎస్తేరు, పందొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతోంది. చివరివాడు డానియేలు, పదహారేళ్లు. వాడికి కండరాలు కరిగిపోయే జబ్బు. పదేళ్లప్పుడే నడక పోయింది. మార్తమ్మ తమ్ముళ్లిద్దరు కూడా చిన్నప్పుడే ఇదే జబ్బుతో పోయారు. ఇది తల్లి నుంచి కొడుక్కి వచ్చే జబ్బు. కూతుళ్లకు సాధారణంగా ఏమీ కాదు, కానీ కొందరు దాన్ని లోపల మోస్తారు. అలా మోసే కూతురికి మగపిల్లవాడు పుడితే వాడికి రావచ్చు, రాకపోవచ్చు. ఏ కూతురు మోస్తోందో రక్తపరీక్ష చెబుతుంది. చెప్పాల్సినవాణ్ణి నేను.

నాతోపాటు మా ల్యాబ్ టెక్నీషియన్ యాదగిరన్న వచ్చాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఆయన చెయ్యి ఎంత మెత్తనో నాలుక అంత వాడి. ఇంటి నిండా మిరప ఘాటు. గుమ్మం దాటీ దాటగానే ఇద్దరం తుమ్ములు మొదలుపెట్టాం. శాస్త్రవేత్త వచ్చాడని చూడ్డానికి గుమికూడిన వాడకట్టు వాళ్లకు నేను చేసిన మొదటి ప్రసంగం పదకొండు తుమ్ములు.

"ఏం లే సారూ, నీకు అలవాటు లేదు గద. మా ముక్కులు ఎప్పుడో సచ్చిపోయినయ్," అని మార్తమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

మార్తమ్మ రక్తం ఒకటో నంబరు. డానియేలుది రెండు. వాడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నన్ను సూటిగా అడిగాడు.

"సార్, దీంతోని నాకు తగ్గుతదా?"

"తగ్గదు తమ్మీ," అన్నాను. "కని మీ అక్కలు ముందుగల్లనే తెల్సుకోవచ్చు. పిల్లల సంగతి జాగ్రత్త పడొచ్చు."

"గట్లయితే తీస్కోండ్రి," అని వాడు రెండో చేత్తో పట్టుకుని మొదటి చెయ్యి పైకెత్తి ఇచ్చాడు. చెయ్యి తనంతట తాను లేచే స్థితిలో లేదు.

తర్వాత రూతు వంతు. పెద్దది కదా. సూది చూడగానే ఆమె మార్తమ్మ వెనక దాక్కుంది. "నాకు భయమయితాంది. ముందు చెల్లెకు తీయండ్రి," అంది. ఎస్తేరు నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది. కాబట్టి మూడో నంబరు ఎస్తేరు, నాలుగో నంబరు రూతు. యాదగిరన్న నోట్‌బుక్‌లో పేర్లు, వయసులు, నంబర్లు వరసగా రాశాడు.

"అన్నా, జర తొందరగా కానీ. పేపర్ ఈ నెలల్నే పోవాలె," అని నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"నల్లా తిప్పంగనే వచ్చే నీళ్లనుకున్నవా, నెత్తురంటె? ఆగరాదు," అన్నాడు యాదగిరన్న. నేను ఆగే రకమైతే మీకు ఈ కథే లేదు.

పరీక్షలు బాగానే చేశాం. మూడో నంబరులో జబ్బు మోసే జన్యువు ఉంది, నాలుగో నంబరులో లేదు. నోట్‌బుక్ చూసి పట్టిక తయారుచేశాను, అది కూడా సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది వంశవృక్షం బొమ్మ. మా పద్ధతిలో మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. జబ్బున్నవాళ్లను నల్లగా నింపుతాం. జబ్బును మోసే ఆడమనిషి సున్నాలో మధ్యన ఒక చుక్క పెడతాం. తోబుట్టువులను ఎడమ నుంచి కుడికి, పెద్ద నుంచి చిన్నకు గీస్తాం. అప్పటి నా పీహెచ్‌డీ గైడ్ సారు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే బొమ్మ చివరి గంటలో గీశాను. ఎడమ సున్నా కింద ఇరవై రెండేళ్లు అని రాశాను, కుడి సున్నా కింద పందొమ్మిది. పక్కన నంబర్లు వేయాలి కదా, మూడు తర్వాత నాలుగు వస్తుందని ఒకటో తరగతిలోనే నేర్చుకున్నాను కాబట్టి ఎడమన మూడు, కుడిన నాలుగు వేశాను. మూడో నంబరుకు చుక్క పెట్టాను. అలా చెల్లెలి చుక్క అక్కకు వెళ్లింది. పట్టిక ఒకటి చెబుతోంది, బొమ్మ ఇంకొకటి చెబుతోంది, రెండిటి కిందా నా పేరు ఉంది. ఎంత చదువుకుంటే ఏం, ఎంచక్కా అంకెలు వరసగా వేసిన ఒకటో తరగతి పిల్లవాడు నాలోంచి ఎక్కడికీ పోలేదు.

వ్యాసం అచ్చయింది. ఫలితం చెప్పడానికి మార్తమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లానంటారు? బొమ్మ. పట్టిక ఎవడిక్కావాలి, బొమ్మ అందంగా ఉంది. రంగుల్లో ప్రింటు తీయించి మరీ తీసుకెళ్లాను.

"ఇగో రూతమ్మా, ఇది నువ్వు. చుక్క నీకున్నది," అన్నాను.

రూతు కాగితం దగ్గరికి తెచ్చుకుని చూసి నవ్వింది. "మాకు బొట్టు లేదు గద సార్. మా చర్చిల ఎవ్వరం పెట్టుకోం. నాకెందుకు పెట్టిండ్రు?"

అందరం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఆ తర్వాత చుక్కంటే ఏమిటో చెప్పాను. ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఎస్తేరు వైపు తిరిగి "నీకేం ఫికర్ లేదు," అన్నాను. మార్తమ్మ ఆ బొమ్మను నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది.

రెండేళ్లకు డానియేలు పోయాడు. మార్తమ్మ కబురు పంపింది. ఆ రోజు నేను ఢిల్లీలో ఒక సదస్సులో ఆ కుటుంబం గురించే స్లైడ్లు చూపిస్తున్నాను. వాడి నల్ల చతురస్రం మీద లేజర్ లైటు తిప్పుతూ ఉన్నాను. మట్టికి వెళ్లలేకపోయాను. తర్వాతైనా వెళ్లానా అంటే అదీ లేదు.

ఇక సైటేషన్ల సంగతి. వ్యాసం వచ్చి ఏడాది దాటాక ఒక పొద్దున సున్నా కాస్తా ఒకటైంది. కోతికి కొబ్బరికాయ దొరికినా కాసేపు కింద పెడుతుందేమో, నేను ఫోను కింద పెట్టలేదు. ల్యాబ్‌లోకి పరిగెత్తాను.

"అన్నా! సైటేషన్ వచ్చింది! విదేశపోళ్లు మన పేపర్ గురించి రాసిండ్రు!"

"ఏమని రాసిండ్రు?"

"రాసిండ్రు, గంతే. లెక్కల ఒకటి పెరిగింది."

"చదవలేదా?"

"చదువుడెందుకన్నా? పెండ్లి పత్రిక వస్తే మన పేరున్నదా లేదా చూస్తం గని మొత్తం చదువుతమా?"

"చదవకుంటే ముహూర్తం తప్పుతది తమ్మీ," అన్నాడు యాదగిరన్న.

ఆయన మాటను నేను జోకుల ఖాతాలో వేశాను. కిలో మైసూర్‌పాక్ తెప్పించి డిపార్ట్‌మెంట్ అంతా పంచాను. అప్పటికి ఎస్తేరు ఇంకా కాలేజీకి వెళుతోంది, పెళ్లి మాట లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోలేను.

ఆ తర్వాత సైటేషన్‌కొక కిలో చొప్పున పంచుతూ పోయాను. మా డిపార్ట్‌మెంట్లో ఇద్దరికి షుగర్ వచ్చింది, అందులో నా వాటా ఎంతో డాక్టర్లు చెప్పలేదు. పది దాటినప్పుడు నా విద్యార్థులు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో నేను తెల్లకోటు వేసుకుని, చూపుడువేలు ఆకాశం వైపు పెట్టి, ఎన్నికలకు నిలబడ్డవాడిలా ఉన్నాను. నా వెనక పెద్దగా వంశవృక్షం బొమ్మ. అంటే నా తప్పును నేనే బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడేంత సైజులో రోడ్డు మీద వేలాడదీసుకున్నాను. గాలికి చిరిగేదాకా ఉంది అది.

అలా ఇరవై మూడు అయ్యాయి. నేను వాటిలో ఒక్కదాన్నీ తెరవలేదు.

కిందటేడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మార్తమ్మ ల్యాబ్‌కు వచ్చింది. వెంట ఎస్తేరు, దాని కొడుకు జోయెల్. నాలుగేళ్ల పిల్లవాడు, బూరెబుగ్గలు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్. నేను కుర్చీలోంచి లేచి గొప్పగా పలకరించాను.

"సారూ, పిల్లగాన్ని జర చూడు," అంది మార్తమ్మ. "ఊకె పడతాండు. మెట్లు ఎక్కుతలేడు."

"చిన్నపిల్లలు పడతరమ్మా."

"మా డానియేలు గూడ చిన్నపిల్లగాడే పడ్డప్పుడు." ఆమె వాడి చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ తీసి నేల మీద పెట్టింది. వాడు కూర్చుని తీసుకున్నాడు. లేవడానికి ముందు రెండు చేతులూ నేలకు ఆనించాడు, తర్వాత మోకాళ్ల మీద పెట్టాడు, తర్వాత తొడల మీద. తన కాళ్లను తానే పట్టుకుని ఎక్కుతున్నట్టు లేచాడు.

ఆ లేవడం ఏ జబ్బుకు గుర్తో మా పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది. అయినా నా నోరు ఏమందో చూడండి.

"అట్ల కానేకాదమ్మా. ఎస్తేరుకు చుక్క లేదు. మన పేపర్ల ఉన్నది గద. దాన్ని లోకమంత ఒప్పుకున్నది. ఇరవై ముగ్గురు దాని గురించి రాసిండ్రు. ఇరవై ముగ్గురు తప్పు చెప్తరా?"

మూల టేబుల్ దగ్గరి నుంచి యాదగిరన్న గొంతు వినిపించింది. "వాళ్లేం చెప్పిండ్రో జర చదివి చెప్పరాదు తమ్మీ."

"ఇప్పుడే చదువుత," అని రోషంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆరేళ్ల కింద మైసూర్‌పాక్ పంచిన మొదటి సైటేషన్ తెరిచాను. నా పేరు వెతికాను. దొరికింది. ఆ వాక్యం తెలుగులో ఇలా ఉంటుంది: 'ఈ వ్యాసంలో పట్టికకూ బొమ్మకూ పొంతన లేదు. జన్యు మార్పు పందొమ్మిదేళ్ల చెల్లెలికి ఉందని పట్టిక అంటుంటే, బొమ్మలో చుక్క ఇరవై రెండేళ్ల అక్క దగ్గర ఉంది. ఒకటి తప్పక పొరపాటు.'

రెండోది తెరిచాను. అదే మాట, ఇంకొంచెం మర్యాదగా. మూడోది పరిశోధక విద్యార్థుల కోసం రాసింది. వంశవృక్షాలు గీసేటప్పుడు చేయకూడని పొరపాట్లకు ఉదాహరణగా నన్ను పెట్టారు. నా వ్యాసానికి అంత పేరు ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది. నేను పాఠ్యాంశమయ్యాను.

యాదగిరన్న అప్పటికే బీరువాలోంచి పాత నోట్‌బుక్ తీసుకొచ్చాడు. మూడు, ఎస్తేరు, పందొమ్మిది. నాలుగు, రూతు, ఇరవై రెండు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఆయన ఆ పేజీని నా ముందు పెట్టి, రెండు వరసల మీదా వేలు పెట్టి చూపించాడు.

చుక్క ఎస్తేరుదని, తప్పు నాదని చెప్పాను. ఎలా చెప్పానో సరిగ్గా గుర్తులేదు. ఎస్తేరు పిల్లవాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. వాడు బిస్కెట్ తింటున్నాడు. మార్తమ్మ నా వైపు తిరిగింది.

"గా ఇరవై ముగ్గురు మాకెందుకు చెప్పలే సారూ?"

"వాళ్లకు మీరెవరో తెల్వదమ్మా. పేపర్ల రక్తమిచ్చినోళ్ల పేర్లు రాయొద్దు. నంబర్లే ఉంటయి."

"నీ పేరున్నది గద."

"ఉన్నది."

"అంటే నీకు చెప్పిండ్రు."

"చెప్పిండ్రమ్మా."

"మల్ల?"

అంతే అడిగింది. కోపం లేదు, అర్థంకాక అడిగింది. మొదటి సైటేషన్ వచ్చిన రోజు ఒక్క పేజీ చదివి ఎనుమాముల దాకా ఆటోలో వెళ్లి ఉంటే సరిపోయేది. ఎస్తేరుకు ముందే తెలిసేది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకుని, తన నిర్ణయం తాను తీసుకునేది.

సాయంత్రం అందరం కాశిబుగ్గ దిక్కున రూతు ఇంటికి వెళ్లాం. జోయెల్ "పెద్దమ్మా" అని అరుస్తూ గుమ్మం దగ్గరే పడ్డాడు. రూతు ఎత్తుకుంది. ఆ ఇంట్లో ఒక మూల బొమ్మకార్లు, బంతులు, గోడకు పెన్సిల్ గీతలు ఉన్నాయి, అన్నీ చెల్లెలి కొడుకువే. రూతుకు పిల్లలు లేరు. నేను చుక్క చూపించిన రోజే ఆమె, ఆమె భర్త వద్దనుకున్నారట. అత్తగారు గొడ్రాలని అంటుంటే ఏడేళ్లు పడిందట. అసలు సంగతి చెబితే తమ్ముడి జబ్బు గురించి నలుగురూ నాలుగు మాటలంటారని నోరు విప్పలేదట. ఇవన్నీ నాకు ఆ సాయంత్రమే తెలిశాయి.

తప్పు ఎలా జరిగిందో ఆమెకు మొదటి నుంచి చెప్పాను. సూది, వరస, నంబర్లు, అన్నీ. అది కూడా తప్పే అయింది.

"అంటే నేను భయపడి చెల్లెను ముందుకు నూకకుంటే గిట్ల కాకపోవు," అంది రూతు.

"కాదమ్మా. సూదికి అందరు భయపడతరు. రాసింది నేను. చదవనిది గూడ నేనే."

ఆమె జోయెల్ తల నిమిరింది. తర్వాత నా వైపు చూసింది. "నాకు లేదని చెప్తాండ్రు. మంచి మాటనే. కని చెల్లె ముంగట కూసొని ఎట్ల సంబరపడాలె సార్? సంబరపడనీకి గూడ మొఖం లేకుంట జేస్తిరి."

ఎస్తేరు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "నువ్వు కను అక్కా," అంది. "జోయెల్‌కు ఆడుకోనీకి ఒకలు కావాలె."

నేను ఏడ్చాను. ముప్పై ఆరేళ్లవాణ్ణి, పేరుకు ముందు డాక్టర్ అని పెట్టుకున్నవాణ్ణి, వాళ్ల నేల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. మార్తమ్మ లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. వాళ్ల ముగ్గురిలో ఎవరూ నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

యాదగిరన్న మళ్లీ అందరి రక్తం తీశాడు. ఈసారి ప్రతి సీసా మీద పేరు రాయించాడు, రాసిన పేరు నాతో మూడుసార్లు పైకి చదివించాడు. దవాఖాన ల్యాబ్‌లో విడిగా పరీక్ష చేయించాం. రూతుకు లేదు. ఎస్తేరుకు ఉంది. జోయెల్‌కు జబ్బు ఉంది. నెలకోసారి వాణ్ణి చూపించడానికి తీసుకెళ్తున్నాను. మెట్లున్న చోట ఎత్తుకుంటాను. వాడు బరువు పెరుగుతున్నాడు, ఎత్తుకోవాల్సిన మెట్లూ పెరుగుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మా కథలో కాలిన చేతులు వాళ్లవి, ఆకులు పట్టుకుని తిరిగేది నేను.

తప్పును ఒప్పుకుంటూ ఆ పత్రికకు సవరణ రాశాను. నా పదేళ్ల పరిశోధనలో నేను అక్షరం అక్షరం చదివి పంపిన మొదటి కాగితం అదే. బొమ్మలో చుక్క చెల్లెలికి ఉండాలని, తప్పు పూర్తిగా నాదేనని రాశాను. వాళ్లు రెండు నెలలకు అచ్చు వేశారు. పాపం కాస్తయినా దిగిందేమో అనుకుంటూ ఆ పొద్దున ల్యాబ్‌కు వెళితే, నా విద్యార్థి ఒకడు మొహమంతా నవ్వుతో ఎదురొచ్చాడు.

"సార్, కంగ్రాట్స్! మీ పేపర్‌కు ఇరవై నాలుగు అయినయి!"

చూస్తే నిజమే. సవరణలో ఏ వ్యాసాన్ని సవరిస్తున్నామో పేర్కొనాలి కదా. పేర్కొంటే సైటేషన్ పడుతుంది కదా. ఒక ఇంటిని ముంచానని నేనే రాసి ఇస్తే, ఆ తక్కెడ దాన్ని కూడా నా ఘనత కింద తూచి ఒకటి కలిపింది. కిందటి వారం ప్రమోషన్ ఫారంలో ఇరవై నాలుగూ వేయమన్నారు, రూల్ అదేనట.

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట తల వంచి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద నా గురించి ఎవరేం రాసినా అంకె చూడకముందు వాక్యం చదువుతాను. ఒక మనిషికి చెప్పాల్సిన మాట ఆ మనిషి ఇంటికి వెళ్లి, సరిచూసుకుని చెప్పేదాకా అచ్చుకు పంపను. రక్తమిచ్చినవాళ్ల పేర్లు నంబర్ల వెనక మరిచిపోను. ఈ మాట నేను ఎన్నడైనా తప్పితే, నాకు మరో వంద సైటేషన్లు వచ్చుగాక.